తాటి టెంక అనుకున్నాం

"అమ్మమ్మా, అమ్మకి మొదటిసారి ఉద్యోగం వచ్చినప్పుడు నువ్వూ వెంట వెళ్ళావంటగా. ఎందుకూ?"

ఎందుకంటే ఏం చెప్పేది షారోనూ. ముందా ఫ్యాను తగ్గించు, నా మాట నాకే వినపడట్లా. ఆఁ, చాల్చాలు. ఇట్టా మంచం మీదకొచ్చి కూర్చో. మీ అమ్మ వంటింట్లో ఉందా? ఉండనీలే. దాన్నడిగితే "ఏముందీ, చేరాను, పనిచేశాను" అని రెండు ముక్కల్లో తేల్చేస్తది. పక్కనుండి చూసింది నేను కదా. నీకూ ఇప్పుడు పశువుల డాక్టరుగా ఉద్యోగం వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే, విను.

మీ అమ్మ తిరుపతిలో చదువు ముగించుకుని వచ్చేసరికి మేం ఇబ్రహీంపట్నంలో ఉండేవాళ్ళం, థర్మల్ క్వార్టర్సులో. మీ తాతయ్యకి అక్కడ షిఫ్టు డ్యూటీలు. చర్చిలో ఎవరైనా "మీ ఎస్తేరు ఏం చదివిందండీ?" అంటే "డాక్టరండీ" అనేదాన్ని. "అబ్బో, ఏ ఆసుపత్రిలో?" అనేవాళ్ళు. అప్పుడు చెప్పాలిగా మరి, గేదెలకీ మేకలకీ అని. వాళ్ళు నవ్వాపుకునేవాళ్ళు. నాకు కాస్త చిన్నతనంగానే ఉండేది. దానికి మాత్రం అదేం లేదు. మనుషుల డాక్టరు సీటు రాలేదని ఒక్కరోజు బాధపడిందేమో, తర్వాత మళ్ళీ ఆ మాటెత్తితే ఒట్టు.

చదువయ్యాక కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. ఖాళీ అంటే ఖాళీ కాదులే, విజయవాడలో కుక్కలకి వైద్యం చేసే ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరకి రోజూ బస్సెక్కి వెళ్ళి పని నేర్చుకునేది. తర్వాత ఉద్యోగం వచ్చింది. తొంభై మూడో, నాలుగో. కాదు, మీ మావయ్య ఇంటర్లో ఉన్నాడు కాబట్టి నాలుగే అయ్యుండాలి. కూచిపూడి అవతల ఒక పల్లెటూరు. అక్కడి పశువుల ఆసుపత్రికి ఇదొక్కతే డాక్టరు, సూరిబాబని ఒక అటెండరు. పెళ్ళి కాని పిల్లని ఊరుకాని ఊళ్ళో ఒక్కదాన్నీ ఎట్టా వదిలేది? మీ తాతయ్యకా సెలవు దొరకదు. "నేనూ మావయ్యా వండుకు తింటాం, నువ్వెళ్ళు" అన్నారు. వాళ్ళిద్దరూ ఏం వండారో ఏం తిన్నారో ఆ దేవుడికే తెలియాలి. నెల తిరిగేసరికి ఇద్దరూ సగమయ్యారు.

మేం కూచిపూడిలో రెండు గదులు తీసుకున్నాం. అద్దె నూట యాభై. ఇప్పుడు ఆ డబ్బుకి ఇద్దరం టిఫిను తినలేం. పొద్దున్నే పక్క వీధిలో పిల్లలు నాట్యం నేర్చుకుంటుంటే ఆ గజ్జెల చప్పుడుకి మెలకువొచ్చేది. నాకది భలే ఇష్టంగా ఉండేది. ఏదో చెబుతున్నా... ఆఁ. ఆసుపత్రికి ఆటోలో పోవాలి. ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తానని నేనూ దాంతోపాటే పోయి, వరండాలో కూర్చుని ఊలు అల్లుకునేదాన్ని.

ఆ మొదటి రోజుల్లో ఎట్టా ఉండేదంటే, రైతులు వచ్చేవాళ్ళు, గుమ్మంలోనుంచి లోపలికి తొంగిచూసి "డాక్టరు గారు లేరా అమ్మాయ్?" అనేవాళ్ళు. "నేనేనండీ, చెప్పండి" అనేది ఇది. "ఆహా, అట్టాగా. మళ్ళీ వస్తాం లెండి" అని తోలుకొచ్చిన పశువుని అట్టాగే తిప్పుకుపోయేవాళ్ళు. మర్యాదగానే పోయేవాళ్ళు, మన వైపు వాళ్ళు మాట తూలరుగా. కానీ పోయేవాళ్ళు. నాకు కడుపు రగిలిపోయేది. ఇది మాత్రం మందుల బీరువా సర్దుకుంటూ కూర్చునేది. తర్వాత్తర్వాత ఒక మేకకి కురుపు కోసింది, ఒక దూడకి పారుడు కట్టించింది. అట్టా ఒకళ్ళూ ఇద్దరూ రావడం మొదలెట్టారు.

కోటేశ్వరమ్మని ఆ రోజుల్లోనే చూశాం. ఆవిడా, ఆవిడ మొగుడు నాగయ్యా, ఒక పాడిగేదె, దాని దూడ. పిల్లల్లేరు. ఆ గేదే వాళ్ళకి పిల్ల. దూడకేదో నలతగా ఉంటే మీ అమ్మ నయం చేసిందని మజ్జిగ పట్టుకొచ్చేది. ఆ ఊళ్ళో మమ్మల్ని మొట్టమొదట పలకరించింది ఆవిడే.

వానాకాలం, తాటిపళ్ళు రాలే రోజులు. ఒకనాడు మధ్యాహ్నం కోటేశ్వరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. గేదె మేత ముట్టడం లేదు, మెడ ముందుకి చాపి నిలబడింది, నోట్లోనుంచి చొంగ తీగలు తీగలుగా కారిపోతోంది, నీళ్ళు పెడితే మింగలేకపోతోంది అంది. కాలవ గట్టు మీద తాటిచెట్ల కింద మేసొచ్చింది కాబట్టి తాటి టెంక గొంతులో అడ్డంపడిందని వాళ్ళ అనుమానం. అక్కడ గేదెలకి అది మామూలేనంట. పండు వాసనకి ఆబగా తింటయ్యి, టెంక ఇరుక్కుపోద్ది.

సూరిబాబు సంచీ తగిలించుకున్నాడు, నేనూ వెనకాలే వెళ్ళా. గొడ్లచావిడి ముందు ఊరు ఊరంతా చేరింది. ఆడ డాక్టరు గేదె గొంతులో చెయ్యి పెడతదంటే చూడొద్దూ మరి. దవడల మధ్య చెక్కముక్క పెట్టి, నాగయ్య నాలిక పక్కకి లాగి పట్టుకున్నాడు, సూరిబాబు వెనకనుంచి కొమ్ములు పట్టుకున్నాడు. మీ అమ్మ ముందు గ్లౌజు వేసుకునే చెయ్యి పెట్టింది. ఆ జిగటలో జారిపోతోంది, టెంక ఉంటే పట్టు చిక్కదని గ్లౌజు తీసేసి మళ్ళీ పెట్టింది, ఇదుగో ఇక్కడిదాకా, మోచెయ్యి పైదాకా. చాలాసేపు వెతికింది. చెయ్యి బయటికి తీసేసరికి ముంజేతి మీద పళ్ళు గీరుకుని రక్తం చిమ్మింది.

"దొరికిందా అండీ?" అన్నాడు నాగయ్య.

"లేదు" అంది. ఆ గేదె కళ్ళలోకి అట్టా చూస్తా నిలబడిపోయింది. అప్పుడే ఆ గేదె ఒక అరుపు అరిచింది తల్లీ. గేదె అరుపు కాదది, గొంతు బొంగురుపోయిన మనిషి ఏడ్చినట్టుంది. మీ అమ్మ గబగబా బయటికొచ్చి, బోరింగు దగ్గర కూర్చుని, నన్ను కొట్టమని, సబ్బు పెట్టి చెయ్యి కడుక్కోవడం మొదలెట్టింది. కడిగిన చెయ్యే కడుగుద్ది. సబ్బు సగం అరిగిపోయింది. నా చేతులు నొప్పెట్టి "ఇంక చాల్లేవే" అన్నా. "కొట్టమ్మా, ఆపొద్దు" అంది. దాని గొంతులో నేనెప్పుడూ వినని బెదురు విన్నా.

తర్వాత కోటేశ్వరమ్మని పిలిచి అడిగింది, ఈ మధ్య గేదెని కుక్కగానీ కరిచిందా అని. ఆవిడ ఆలోచించి, ఎండాకాలం చివర్లో ఏదో ఊరకుక్క మందలో పడిందనీ, దీని మూతి మీద చిన్న గాటు పడితే పసుపు అద్ది ఊరుకున్నామనీ చెప్పింది. అంతే, మీ అమ్మ మొహంలో నెత్తురు లేదు.

ఇంటికొచ్చాక నాకు చెప్పింది. అమ్మా, దాని గొంతులో టెంక లేదు, దానికి పిచ్చికుక్క జబ్బు పట్టిందని నా అనుమానం, ఆ జబ్బుకి గొంతు పడిపోద్ది, చూసేవాళ్ళకి ఏదో అడ్డంపడినట్టే ఉండిద్ది అని. ఆ చొంగ గాయానికి తగిలితే మనిషికీ వచ్చిద్ది, వచ్చాక ఇక మందు లేదు, రాకముందే ఇంజెక్షన్లు వేయించుకోవాలి అని. పాఠం చెప్పినట్టు చెప్పింది షారోనూ. నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ప్రార్థన చేద్దామంటే నాకు మాటలు రాలా.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి చూశాం. గేదె తల గుంజకేసి కొట్టుకుంటోంది. దగ్గరికెవరన్నా పోతే మీదకొస్తోంది. ఇక అనుమానం లేదు. తాడు తెంచుకోకుండా సూరిబాబు చేత గట్టి కట్టు వేయించి, ఎవర్నీ దగ్గరికి పోవద్దంది. అప్పుడు వాళ్ళిద్దరికీ చెప్పింది. నాగయ్యేమో నాలిక పట్టుకుని లాగాడు, కోటేశ్వరమ్మేమో అంతకు ముందురోజు దాని నోట్లో గొట్టం పెట్టి గంజి పోసింది, గడ్డి కోసి కోసి ఆవిడ చేతులనిండా చీరుకుపోయిన గాట్లు. కాచిన పాలు తాగినవాళ్ళకి భయం లేదు, మీరిద్దరు మాత్రం నాతోపాటు విజయవాడ పెద్దాసుపత్రికి రావాల్సిందే అంది.

వాళ్ళు నమ్మలా. నాగయ్య అయితే మొహం తిప్పుకున్నాడు. గుంపులో ఎవరో అన్నారు కూడా, టెంక తీయడం చేతకాక పిచ్చి అంటోందని. మీ అమ్మ విన్నది. విని కూడా మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. అప్పుడు ఇంజెక్షన్లంటే ఇప్పటిలాగా చేతికి కాదు, పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ పొడిచేవాళ్ళు, రోజూ. ఆ మాటకే జనం హడలిపోయేవాళ్ళు. ఇక వాళ్ళెందుకొస్తారు?

మేం ఆ రోజే వెళ్ళాల్సింది. కానీ మీ అమ్మ కదల్లా. వాళ్ళని వదిలి నేనొక్కదాన్ని పోయి పొడిపించుకుంటే రేపు వాళ్ళకేమన్నా అయితే అని ఇంటింటికీ తిరిగింది. ఊరి పెద్దల చేత చెప్పించింది. ఏం లాభం లేకపోయింది. నాకు కోపమొచ్చింది, నిజం చెబుతున్నా. ముందు నీ ప్రాణం చూసుకోవే అని అరిచా. అది నా మాట వినలా.

పొద్దుగూకే ముందు నేనే లేచి కోటేశ్వరమ్మ ఇంటికి వెళ్ళా. ఆవిడ దూడకి సీసాతో పాలు పడుతోంది. నన్ను చూసి, "మీరు కూడా చెప్పడానికొచ్చారా అండీ?" అంది.

నేను ఏదో చెప్పి ఒప్పిద్దామనే వెళ్ళా. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "చెప్పడానిక్కాదమ్మా. నా కూతురు కూడా మీ గేదె నోట్లో చెయ్యి పెట్టింది. రేపు పొద్దున దాన్ని విజయవాడ తీసుకెళ్తున్నా. అదేమో నాకేం కాదంటది. నాకేమో కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఒక్కదాన్ని ఎట్టా తట్టుకోవాలో తెలియట్లా. నాకు కాస్త తోడొస్తారా?" అన్నా. అని ఆ అరుగు మీదే కూర్చుని ఏడ్చేశా.

ఆవిడ సీసా కింద పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత మెల్లిగా అంది, "నాకూ నిన్నట్నుంచీ భయంగానే ఉందండీ. పైకంటే నిజమైపోద్దేమోనని అనలేదు."

పొద్దున్నే బస్సు దగ్గరికి వచ్చింది, చిన్న సంచీతో, ఒక్కతే. బస్సు కదలబోతుంటే నాగయ్య, దూడని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, గొడుగు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. ఆవిడ సిటీలో తప్పిపోద్దని వస్తున్నానన్నాడు. అట్టాగే అన్నాం. పామర్రు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తా కూర్చున్నాడు పాపం.

ఆసుపత్రిలో డాక్టరు గారు పెద్దాయన. అంతా విని మీ అమ్మతో, చెయ్యి అంతసేపు సబ్బుతో కడగడం అన్నింటికంటే మంచిపని అన్నారు. నా చేతుల నొప్పి అప్పుడు పోయింది. ముగ్గురికీ ఇంజెక్షన్లు మొదలెట్టారు. రోజూ రావాలంటే పల్లెటూరి నుంచి ఎక్కడ తిరుగుతారు? నేనే అన్నా, మా క్వార్టర్సు దగ్గర్లోనే ఉంది, అక్కడుందాం రండని. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మన ఇంట్లో తింటారో తినరో అని నాకూ గుబులే. కోటేశ్వరమ్మ బజారులో బియ్యం కొని తెచ్చుకుంది, ఒక పూట పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని వండుకుంది కూడా. రెండో పూట పొట్టంతా వాచిపోయి లేవలేక పడుకుంటే, నేను జావ కాచి పట్టుకెళ్ళి ఇచ్చా. తాగింది. ఆ తర్వాత మళ్ళీ ఆ మాటే రాలా. వెళ్ళేదాకా అందరం ఒక చాప మీదే. నాగయ్యా మీ తాతయ్యా సాయంత్రం రేడియో పెట్టుకుని ధాన్యం రేట్లు, ఎరువుల రేట్లు, ఒకటే కబుర్లు.

ఈలోగా గేదె చచ్చిపోయిందని సూరిబాబు కబురుచేశాడు. ఇంజెక్షను వేయించుకుని మీ అమ్మ అట్నుంచటే బస్సెక్కింది, నేనూ ఎక్కా. చచ్చిన గేదె మెదడు ముక్క పరీక్షకి పంపాలంట. ఈసారి కళ్ళకి అద్దాలు, మొహానికి గుడ్డ, పొడుగు గ్లౌజులు, అన్నీ వేసుకుని చేసింది. ఊళ్ళోవాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ముక్క డబ్బాలో పెట్టి, చుట్టూ ఐసు కూరి, పైన మూత బిగించి, బకెట్లో పెట్టుకుని ఇద్దరం విజయవాడ బస్సెక్కాం. ఐసు చేపలవాళ్ళ దగ్గర తెచ్చింది, ఆ వాసన పోద్దా? ఉయ్యూరులో ఎక్కినావిడ నా పక్కన కూర్చుని "కొర్రమీనా అండీ? ఎంతకిచ్చారు?" అంది. మీ అమ్మ కిటికీవైపు తిరిగి నవ్వాపుకుంటోంది. అన్ని రోజుల తర్వాత అది నవ్వడం అదే. "అమ్మేవి కాదండీ, ఆసుపత్రి సామాను" అన్నా. ఆవిడ అలిగి వేరే సీట్లోకి పోయింది.

పరీక్షలో జబ్బు ఉందనే వచ్చింది. ఆ కబురు ఊరికి చేరాక ఇక చూడు. మందలో ఆ కుక్క ఇంకెన్నిటిని కరిచిందోనని పశువుల్ని వెతికి తెచ్చారు, పెంపుడు కుక్కల్ని తాళ్ళు కట్టి లాక్కొచ్చారు, అన్నిటికీ టీకాలు. కోటేశ్వరమ్మ దూడకి కూడా వేసింది. అది బతికింది. బతకడమేవిటి, తర్వాత ఆ దూడే ఈని, వాళ్ళ ఇంట్లో మళ్ళీ పాడి నిలబెట్టింది. మొన్న టెంక తీయడం చేతకాలేదన్న మనిషే తన ఎద్దుని తోలుకొచ్చి వరుసలో నిలబడ్డాడు. మీ అమ్మ వంతొచ్చినప్పుడు చూసింది.

కానీ నా భయం పోలేదు తల్లీ. ఇంజెక్షన్లు అయిపోయినా కొన్నాళ్ళు చూడాలన్నారుగా. ఆ జబ్బొస్తే నీళ్ళు చూస్తే హడలిపోతారని వినున్నా. ఇక అదే పని. మీ అమ్మ నిద్ర లేవగానే గ్లాసుడు నీళ్ళు చేతికిచ్చి గుటక పడిందా లేదా అని చూసేదాన్ని. ఆసుపత్రి నుంచి రాగానే మళ్ళీ గ్లాసు. దాహం లేదంటే నా గుండె జారిపోయేది. "ఎందుకమ్మా ఇన్ని నీళ్ళు?" అంటే ఒంటికి మంచిదంట అనేదాన్ని. దానికి తెలుసు, తెలిసే తాగేది.

వరికోతలయ్యాక ఒకరోజు కోటేశ్వరమ్మ కూచిపూడి వచ్చింది, మా ఇంటికి. మీ అమ్మ పని నుంచి వచ్చింది, నేను మామూలుగానే గ్లాసిచ్చి నిలబడ్డా. అది తాగి లోపలికెళ్ళింది. కోటేశ్వరమ్మ నన్ను అట్టాగే చూస్తోంది. "మీరు కూడానా అండీ?" అంది. "ఏవిటమ్మా?" అన్నా. "మా ఆయన నీళ్ళు తాగుతుంటే నేను తలుపు చాటు నుంచి గుటకలు వింటానండీ. నిన్న పట్టుకుని, ఏవిటే నీ పిచ్చి అని కసిరాడు" అంది. పిచ్చి అన్నాడంట చూడు. అంతే, ఇద్దరం నవ్వడం మొదలెట్టాం. ఆగితే కదా. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలా. మీ అమ్మ బయటికొచ్చి ఏవిటేవిటని అడుగుతుంటే చెప్పలేక, కళ్ళవెంట నీళ్ళు కారిపోతా, ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని ఆ మెట్ల మీద కూలబడ్డాం. ఆ రాత్రి నాకు ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు గారు కూడా ఇక భయం లేదమ్మా అన్నారు. అన్నారుగానీ, నాకు మాత్రం ఆ మెట్ల మీదే గుండెల మీద బరువు దిగిపోయింది.

నువ్వేంటే కళ్ళు తుడుచుకుంటున్నావు? మీ అమ్మ అదుగో, గిన్నెలు చప్పుడు చేస్తోంది, వినపడట్లా? నిక్షేపంగా ఉంది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎన్నేళ్ళు చేసిందో, వదిలి రావడానికి ఎంత ఏడ్చిందో. నేనయితే మీ అమ్మ పెళ్ళికి ముందే ఇంటికొచ్చేశా. నేనిక అక్కర్లేదు దానికి.

నువ్వు మాత్రం చేరకముందే ఆ టీకా వేయించుకో. ఇప్పుడు చేతికేగా, చీమ కుట్టినట్టుండిద్ది అంటున్నారు. గ్లౌజు తియ్యమాకు, ఎవరేమన్నా సరే. తోడు నన్ను రమ్మంటావా? ఈ మోకాళ్ళతో ఎక్కడొస్తానే... ఏదీ, తల ఇట్టా వంచు. నోరులేని జీవాలు నీ చేతిలో నెమ్మది పొందాలి, ఆ చేతికి ఏ కీడూ తగలకూడదు. వెళ్ళినచోట నిన్నొక్కదాన్ని ఉండనివ్వకుండా ఆ ప్రభువు ఎవర్నో ఒకర్ని పంపాలి. పంపిస్తాడులే... ఎవరో ఒకరు మజ్జిగ పట్టుకుని వస్తారు, చూడు...